ఆపరేటరుగారి గడువు

నిన్న బేగంపేట మెట్రో స్టేషను మెట్లు దిగుతుండగా నా చెవిలో వార్తలు చదువుతున్న గొంతు హఠాత్తుగా ఆగిపోయింది. దినపత్రికను చదివి వినిపించే సదుపాయాన్ని మా అమ్మాయి కిందటి నెల నా ఫోనులో పెట్టింది. జేబులోంచి తీసి చూస్తే తెరమీద ఒక వాక్యం కనిపించింది: "మీ ఉచిత గడువు ముగిసింది. కొనసాగిస్తారా?"

వెనక వస్తున్నవాళ్ళు నన్ను తప్పుకొని వెళ్తున్నారు. నేను మెట్టు మీదే నిలబడిపోయాను. గడువు ముగిసిందని యంత్రం అడగడం ఇప్పుడు మామూలు. గడువు ముగిసిందని ఒక మనిషి తనంతట తానే వెళ్ళి అడగడం మాత్రం నేను ఒక్కసారే చూశాను. ఆయన ప్రభువునందు నిద్రించి కొన్నేళ్ళయింది. బోయిగూడ సమాధుల తోటలో ఆ రోజు పాడుతున్నవాళ్ళ మధ్య పాట రానిది నా ఒక్కడికే అయినా, చివరిదాకా నిలబడ్డాను.

ఆఫీసులో అందరూ ఆయనను ఆపరేటరుగారు అనేవారు. పంపులు, మోటార్లు అమ్మే ఒక ప్రైవేటు కంపెనీ మాది. సికింద్రాబాద్ స్టేషను నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉండేది. మెట్ల కింద చిన్న గదిలో టెలిఫోను బోర్డు, దాని ముందు ఆయన. గుంటూరు వైపు నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడిన కుటుంబం. టైపు, షార్టుహ్యాండు నేర్చి ఉద్యోగంలో చేరిన మనిషికి ముప్పై దాటాక చూపు తగ్గడం మొదలై, నేను చేరేనాటికి దాదాపు పూర్తిగా పోయింది. "వెలుగు తెలుస్తుంది నాయనా. వెలుగులో ఏముందో తెలీదు" అనేవారు, బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా.

మధ్యాహ్నం భోజనం కాగానే పుక్కిలించి, రుమాలుతో మూతి తుడుచుకొని, పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుంటే తప్ప ఫోను ముట్టేవారు కారు.

"ఫోన్ల నుంచి వాసన పోతదా సార్?" అని ఒకసారి అడిగాను.

"పోదు. కానీ గోంగూర తిన్న నోటితో మాట్లాడుతున్నానని నాకు తెలుసుగా. అది గొంతులోకి వచ్చేస్తుంది."

అవతలివారికి కనబడదని తెలిసినా తల ఊపుతూ వినేవారు. ఎవరైనా పెద్దావిడ మాట్లాడితే కుర్చీలో సర్దుకొని నిటారుగా కూర్చునేవారు. ఏ అధికారి అయినా బయటికి వెళ్ళి ఉంటే "ఆయన లేరు" అని మాత్రం ఎన్నడూ అనలేదు. "ఇప్పుడే సీట్లోంచి లేచారండి, రాగానే మీరు చేశారని చెబుతాను" అనేవారు. ఇంటినుంచి ఫోను చేసినవాళ్ళకు ఆ రెండక్షరాల మాట వినిపించకూడదని ఆయన పట్టుదల.

నేను ఆ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్త అది. మా నాన్న బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఇంగ్లీషు కంటితో చదివితే అర్థమయ్యేది. నోటితో పలకవలసి వచ్చేసరికి గొంతు సన్నబడిపోయేది. ఈ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. మొదటి రోజు నేను "గుడ్ మార్నింగ్ సార్" అన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

ఆ ఏడు కంపెనీ కొత్త టెలిఫోను ఎక్స్‌ఛేంజి తెప్పిస్తోందని కబురు వచ్చింది. పాత బోర్డు మీద ఏ లైను మోగితే దాని చిన్న మూత టక్కున కిందికి పడేది. ఆయన వేళ్ళకు ఆ మూతలన్నీ కంఠతా. కొత్తదానికి మూతలు లేవు. పక్కన ఒక కంప్యూటరు ఉంటుంది. ఎవరు ఏ నంబరులో ఉన్నారు, ఎవరు టూరులో ఉన్నారు, ఎవరికి ఏ కబురు చెప్పాలి అన్నీ తెరమీద చూసి కలపాలి.

అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగారు, అంటే మా ఏ.ఓ.గారు, చెడ్డమనిషి కాదు. ఆపరేటరుగారిని పిలిచి, వానలు తగ్గేలోపు బోర్డు మారుతుందనీ, ఆ తరువాత డిస్పాచ్ విభాగంలో కవర్లు అతికించే పని ఇస్తాననీ నచ్చజెప్పారు.

గదిలోకి తిరిగి వచ్చాక ఆయన నాతో అన్న మాటలు ఇవి: "జీతం తగ్గదట. కుర్చీ కూడా మంచిదేనట. గొంతుతో పని ఉండదు, అంతే."

రెండు మూడు రోజులు ఆయన పిప్పరమెంటు బిళ్ళ వేసుకోవడం మరిచిపోయారు.

మా ఆఫీసు కంప్యూటర్లను బాగుచేయడానికి ఖాజా భాయ్ వచ్చేవాడు. నల్లగొండ దగ్గరి మనిషి. తెలుగు, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాడు. ఆపరేటరుగారు ఒకరోజు అతణ్ణి పట్టుకొని, తెరమీద అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాము ఏదైనా లోకంలో ఉందా అని అడిగారు.

"ఉంటది సార్, ఎందుకుండది! బొంబాయి కంపెనీ ఒకటి డిస్కు మీద కేటలాగ్ పంపుతది. మిషన్ల పెట్టి ఒక్కో పేజీ తిప్పుకుంట చదువుకోవాలె. నచ్చినదాని నంబరు రాసి పంపితే, ఆ ప్రోగ్రాము ఇంకో డిస్కుల పోస్టుల వస్తది."

"ఖరీదో?"

"డిస్కుకే పైసలు. ప్రోగ్రాముకు ఇప్పుడే ఇచ్చేది లేదు. షేర్‌వేర్ అంటరు. నెల రోజులు వాడి చూడుండ్రి. నచ్చితే చేసినాయనకు పైసలు పంపుండ్రి. నచ్చకుంటే తీసి పారేయుండ్రి. ఖతం."

"మనం ఎవరమో తెలియకుండానే నమ్ముతాడా?"

"నమ్ముతడు సార్. పిచ్చోళ్ళు."

"పిచ్చివాళ్ళు కారయ్యా," అన్నారాయన. "పెద్దమనుషులు."

అలా ఆ కేటలాగు డిస్కు మా జీవితాల్లోకి వచ్చింది. అట్టముక్కల మధ్య భద్రంగా పెట్టిన పలచటి ప్లాస్టిక్ బిళ్ళ. భోజన విరామంలో అకౌంట్సు విభాగంలోని కంప్యూటరు ఖాళీగా ఉండేది. నేను కుర్చీలో, ఆయన నా పక్కన స్టూలు మీద. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు. ఒక మీట నొక్కితే ఒక పేజీ. ప్రతి ప్రోగ్రాముకూ ఒక నంబరు, ఒక పేరు, రెండు మూడు వరుసల ఇంగ్లీషు వివరణ. నేను పైకి చదవాలి, ఆయన వినాలి.

నేను ఆఫీసు పనులకు సంబంధించిన భాగం ఒక్కటి చదివితే చాలనుకున్నాను. ఆయన మొదటి పేజీ నుంచి మొదలుపెట్టమన్నారు.

"ఇది గులాబీ చెట్లకు ఎరువు ఎప్పుడెయ్యాల్నో చెప్పేదంట సార్. మనకు పనికిరాదు. ముందటికి పోదునా?"

"పనికొస్తుందో రాదో చదివాక కదా తెలిసేది. చదువు నాయనా."

చదివాను. సముద్రంలో పోటు ఎప్పుడు వస్తుందో లెక్కగట్టేది చదివాను. వంటకు ఎన్ని పాళ్ళు ఉప్పో గుణించి చెప్పేది చదివాను. నేను ఏ మాటనైనా తప్పుగా పలికితే ఆయన ఆపేవారు కారు. కాసేపటికి తన మాటల్లో అదే పదాన్ని సరిగ్గా, తాపీగా వాడేవారు. నేను తరువాతి పేజీలో దాన్ని అలాగే పలికేవాణ్ణి. మా మధ్య పాఠం అనే పేరు లేకుండా జరిగిన చదువు అది.

ఒక మధ్యాహ్నం ఇంకొకటి వచ్చింది.

"సార్, గిదేందో పావురాల ముచ్చట. పెంచుకునే పావురాలకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, ముత్తాత ఎవరు... గట్ల వంశం మొత్తం రాసి పెట్టుకునేదంట."

"పావురానికి ముత్తాతా!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. స్టూలు కదిలింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఎవరయ్యా ఆ మహానుభావుడు? వాళ్ళావిడ అన్నానికి పిలుస్తుంటే, 'ఉండవే, ఈ పిట్ట తాతగారి పేరు ఎక్కించాలి' అని ఉంటాడు!"

నాకూ నవ్వు ఆగలేదు. అవతల టైపు చేస్తున్న స్టెనో అక్క లేచి వచ్చి, "ఏందీ, మాకు చెప్పకుండ మీరే నవ్వుకుంటున్రు?" అని అడిగి, సంగతి విని తానూ నవ్వింది.

నవ్వు తగ్గాక ఆయన నెమ్మదిగా అన్నారు: "చూశావా, ముందు తన పావురాల కోసమే చేసుకొని ఉంటాడు. తనలాంటివాడు ఇంకొకడు ఎక్కడైనా ఉంటాడేమోనని లోకంలోకి వదిలాడు. ఆ రెండోవాడు ఉన్నాడో లేడో ఆయనకేం తెలుసు?"

చివరికి ఆఫీసు పనుల భాగంలో "తెరను చదివి వినిపించును" అనే అర్థం వచ్చే ప్రోగ్రాము దొరికింది. నంబరు రాసి పంపాము. డిస్కు వచ్చిన రోజు ఖాజా భాయ్ రాకముందే ఆయన కవరు చింపించారు. వివరణ చివర సౌండు కార్డు అవసరమని ఉండడం ఇద్దరికీ గుర్తుంది. సౌండు కార్డు అంటే డిస్కుతో పాటు వచ్చే ఏదో అట్టకార్డు అని ఇద్దరమూ నిశ్చయంగా నమ్మాము. నేను కవరు బోర్లించి దులిపాను. ఆయన లోపల చెయ్యి పెట్టి అంచులన్నీ తడిమారు. లేదు.

"పంపడం మరిచారు సార్. ఉత్తరం రాద్దామా?"

"రాయి. మర్యాదగా రాయి. పొరపాటు అందరికీ జరుగుతుంది."

సగం ఉత్తరం రాశాక ఖాజా భాయ్ వచ్చి విషయం విన్నాడు. విని, గోడకు ఆనుకొని, అలాగే జారి నేల మీద కూర్చుండిపోయాడు. "అరే సార్! కార్డంటే పెండ్లి కార్డనుకున్నరా? డబ్బా లోపల బిగించే సామాను గది! మన మిషన్ల లేదు!"

ఆపరేటరుగారు కవరును జాగ్రత్తగా మడిచారు. "మరి పేరు కార్డు అని పెట్టారేమయ్యా వాళ్ళు?" అన్నారు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఆయనే. కానీ ఆ సామాను కొనడానికి ఏ.ఓ.గారు ఒప్పుకోలేదు. వానలు సగం అయిపోయాయి.

మళ్ళీ కేటలాగు. మిగిలింది పిల్లల విభాగం ఒక్కటే.

"ఇగ పిల్లల ఆటలే సార్. ఏముంటది అండ్ల?"

"మనం మాత్రం పెద్దవాళ్ళమై ఏం ఉద్ధరించాం? చదువు."

పాము ఆట, పేకముక్కల ఆట, రంగులు వేసే ఆట దాటాక ఈ వివరణ చదివాను: తెరమీద ఉన్న ఏ అక్షరాన్నయినా మీ కంప్యూటరు పైకి పలుకుతుంది, పిల్లలకు సరదా, వేరే సామాను ఏదీ అక్కర్లేదు, లోపలి చిన్న స్పీకరే చాలు.

ఆయన చేతిలో పిప్పరమెంటు కాగితం గలగల ఆగిపోయింది.

"ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివాను.

ఆ డిస్కు వచ్చాక ఖాజా భాయ్ మిషనులో పెట్టి మీట నొక్కాడు. లోపల రేకు డబ్బాలో ఎవరో గొణిగినట్టు శబ్దం వచ్చింది. మొదట ఏమీ అర్థం కాలేదు. కాస్త చెవి ఒగ్గితే మాటలు తెలిశాయి. తయారుచేసినాయన తెరమీద పెట్టిన కబురును యంత్రం చదువుతోంది. ఇది మీ చేతుల్లో నమ్మకంతో పెడుతున్నాను, నెల రోజులు వాడి చూడండి, పనికొస్తే నాకు చెల్లించండి, లేకపోతే దయచేసి తుడిచివేయండి. ఆపరేటరుగారు ఆ నాలుగు వాక్యాలనూ లేచి నిలబడి విన్నారు. ఎన్నో ఏళ్ళ తరువాత ఇంకొకరి సహాయం లేకుండా ఆయన చదివిన మొదటి మాటలు అవి.

చెల్లించేవరకు ఆ ప్రోగ్రాముకు ఒక షరతు ఉండేది. కాసేపు మాట్లాడి మూగబోతుంది. మళ్ళీ మొదటి నుంచి నడిపించాలి.

"నేను తాళం ఇప్పిస్త సార్," అన్నాడు ఖాజా భాయ్. "మా దోస్తుకు తెలుసు. పైసలూ వద్దు, ఆగుడూ ఉండదు. ఎవలు చూడొస్తరు ఇక్కడికి?"

"ఎవరూ రారు," అన్నారు ఆపరేటరుగారు. "అందుకేగా ఆయన నమ్మకం అన్న మాట వాడింది. వద్దులే భాయ్."

ఆ గొంతుతో ఆయన స్నేహం చేసిన తీరు చూడవలసిందే. తెలుగు పేర్లు దానికి లొంగేవి కావు. వెంకటేశ్వర్లుగారి పేరు పలకమంటే ఎత్తు మీద లారీ మొరాయించినట్టు ఉండేది. ఆయన టైపు నేర్చిన వేళ్ళతో ఒక్కొక్క పేరునూ నాలుగు రకాలుగా కొట్టి, ఏది దానికి కాస్త నోరు తిరుగుతుందో చూసి, దాన్ని ఉంచేవారు. "నీ సంగతి నాకు తెలుసులే, నీది పరాయి దేశం. మెల్లగా అను" అని దాన్ని బుజ్జగించేవారు. "సార్, మీ మనుమనికి జలుబు ఇంకా తగ్గలేదా?" అని ఆ యంత్రం గొంతు విని స్టెనో అక్క రోజూ అడిగేది. "ఆవిరి పట్టిస్తున్నానమ్మా" అని ఆయన జవాబు.

కొత్త ఎక్స్‌ఛేంజి బిగించిన రోజు ఏ.ఓ.గారు స్వయంగా మెట్ల కింది గదికి వచ్చి నిలబడ్డారు. ఫోన్లు మోగాయి. ఆయన చెవిలో ఫోను, మరో చెవి యంత్రం వైపు. ఒకటి కలిపారు. రెండోది కలిపారు. మూడో ఫోను చేసినవారు, "మీ వెనక ఎవరో మూలుగుతున్నారు, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. "కొత్తగా చేరినవాడండి, నేర్చుకుంటున్నాడు" అన్నారు ఆపరేటరుగారు.

అంతలో యంత్రం మూగబోయింది. అవతల ఎవరో లైనులో ఉన్నారు. ఏ.ఓ.గారు చేతి గడియారం చూసుకున్నారు. ఆయన మాత్రం ఫోనులో, "ఒక్క నిమిషం నాతో ఉండండి. సరైన చోటుకే కలుపుతాను" అని, వేళ్ళతో మీటలు వెతుక్కుని, ప్రోగ్రామును మళ్ళీ లేపి, నంబరు విని కలిపారు.

"చూశారా, ఇదే నేను చెప్పేది," అన్నారు ఏ.ఓ.గారు. "మధ్యలో ఆగిపోయేదాన్ని నమ్ముకొని ఆఫీసు ఎలా నడుపుతాం? మీ మీద గౌరవం లేక కాదు."

ఆపరేటరుగారు కుర్చీని ఆయన గొంతు వైపు తిప్పుకున్నారు. "సార్, దీన్ని చేసినాయన నా ముఖం చూడలేదు. అయినా, ముందు వాడి చూడు, తరువాత తేల్చుకో అన్నాడు. మీరు నన్ను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. నాకూ అదే గడువు ఇవ్వండి. నెల రోజులు. పనికొస్తే ఉంచండి. లేకపోతే తీసేయండి. కవర్ల దగ్గరికి నేనే నడిచి వెళ్తాను. మీరు ఇంకోసారి చెప్పనక్కర్లేదు."

ఏ.ఓ.గారు గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగారు. "సరే, ఒక నెల" అని వెళ్ళిపోయారు.

ఆ నెలలో ఫోన్లు ఒకటీ అరా తప్పుగా కలిశాయి. తరువాత అదీ తగ్గింది. యంత్రం ఆగినప్పుడల్లా ఆయన ఒక గుక్క మంచినీళ్ళు తాగేవారు. గడువు రోజు వచ్చింది, పోయే వేళ అయింది. ఎవరూ అడగలేదు. ఏ.ఓ.గారు ఆ మాటే మరిచిపోయినట్టున్నారు. నా మనసు తేలికపడింది.

ఆపరేటరుగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకొని లేచారు. "నువ్వు కాసేపు బోర్డు చూడు. నేను పైకి వెళ్ళొస్తాను."

"ఎందుకు సార్?"

"నెల అయిపోయింది. చెప్పాలిగా."

"సార్, ఆయనకు యాదే లేదు! మీరు గుర్తుచేసుడు ఎందుకు? గిట్లనే నడవనీయుండ్రి."

"ఖాజా తాళం తీస్తానంటే వద్దన్నాను. ఇప్పుడు నా తాళం నేను తీసుకుంటే ఎలా నాయనా?"

మెట్ల పిట్టగోడ పట్టుకొని పైకి వెళ్ళిపోయారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఒకేసారి ఫోన్లన్నీ మోగినట్టనిపించింది. యంత్రం ఏదో గొణుగుతోంది, తెరమీద పేర్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఎవరిని ఎవరికి కలుపుతున్నానో నాకే తెలియలేదు.

పైన జరిగింది ఆయన తరువాత చెప్పారు.

"సార్, గడువు ముగిసింది. ఉంచుతారా, తీసేస్తారా?" అని అడిగారట.

ఏ.ఓ.గారు ఆశ్చర్యపోయి, "నేను అడిగానా మిమ్మల్ని?" అన్నారట.

"మీరు అడగలేదు. గడువు అడిగింది నేను. అందుకే నేనే వచ్చాను."

సరిగ్గా అప్పుడు ఏ.ఓ.గారి బల్లమీద ఫోను మోగిందట. ఎత్తితే, గోడౌనులో తన సరుకు ఎప్పుడు దిగుతుందని ఎవరో లారీ యజమాని గట్టిగా కేకలు వేస్తున్నాడట. పెట్టేసిన వెంటనే మళ్ళీ మోగిందట. మళ్ళీ అతనే. రెండుసార్లూ కలిపినవాణ్ణి నేను.

ఏ.ఓ.గారు ఫోను పక్కన పెట్టి, "కింద ఎవరు కూర్చున్నారు? మీరు ముందు వెళ్ళి మీ సీట్లో కూర్చోండి" అన్నారట.

"మీ సీట్లో అన్నారా సార్?" అని ఆపరేటరుగారు మళ్ళీ అడిగారట.

"మీ సీట్లోనే. వెళ్ళండి."

ఆయన కదల్లేదట. "మరి ఆ గొంతు చేసినాయన సంగతి? దీన్ని పనిలో పెట్టిన రోజు నుంచి లెక్కిస్తే ఆయన గడువు కూడా ఇవాళే ముగిసింది సార్." ఆ డబ్బు కంపెనీ తరఫున పంపడానికి ఏ.ఓ.గారు ఒప్పుకున్నాకే ఆయన మెట్లు దిగారు.

గదిలోకి వచ్చి, జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకొని, నా భుజం తట్టి అన్నారు: "ఉంచుకుంటారట. నువ్వు లే."

చెల్లించిన కొన్ని వారాలకు షరతులు లేని డిస్కు వచ్చింది. ఇక ఆ గొంతు మధ్యలో ఆగలేదు. తెరమీద వచ్చింది ఏదైనా ఆయన స్వయంగా వినగలిగేవారు. బొంబాయి నుంచి కేటలాగు కొత్త డిస్కు వచ్చినప్పుడు, ఇక నా అవసరం ఉండదని, భోజనం డబ్బా తీసుకొని క్యాంటీను వైపు నడిచాను.

"ఏవయ్యా, ఎక్కడికి? రా, చదువు."

"మిషన్ చదువుతది కద సార్ ఇప్పుడు?"

"చదువుతుంది," అన్నారాయన, స్టూలు మీద నాకు చోటు చూపిస్తూ. "పావురాల దగ్గరికొచ్చినా నవ్వదు."